మా ఇంట్లోనుంచి వెళ్ళిపోయిన మాట

పోయిన వారం మా తమ్ముడి మనవరాలు వచ్చి నా ముందర ఒక తెల్లకాగితం, పెన్ను పెట్టింది. మా వీధి ఆడవాళ్ళు సంఘం పెట్టుకున్నారు. టమాటా ఎండబెట్టి, చింతపండు గింజ తీసి, రాగిపిండి ఆడించి, పొట్లాలు కట్టి ధర్మపురి అంగళ్ళకు వేస్తారట. సంఘానికి పేరు కావాలి. మేముండేది తమిళనాడు కదా, తమిళంలో ఉన్న మంచి పేర్లన్నీ పక్క ఊళ్ళవాళ్ళు ముందే పెట్టేసుకున్నారు.

"మన ఇండ్లల్లో మాట్లాడే మాటే ఒకటి పెడదామనుకున్నాము అవ్వా. అందరూ చేరి పని చేసేదాన్ని ముయ్యి అంటా ఉండ్రి కదా, అది పెడతాము. దానికి అర్థమేమి, ఆ మాట ఎట్ల వచ్చె, రెండు వరుసలు రాసి ఇయ్యి. బోర్డు కింద వేస్తాము" అంది.

నన్నే అడగడానికి కారణం ఉంది. మా వీధిలో పుట్టినవాళ్ళలో తెలుగు అక్షరాలు రాయగలిగినదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే. అదేమీ గొప్ప కాదు. నేను బడి మొహం చూడలేదు. మా కొడుక్కి కుప్పం వైపునుంచి పిల్లను తెచ్చుకున్నాం. ఆ కోడలు తన కొడుకుతో అక్షరాలు దిద్దిస్తుంటే పక్కన కూర్చొని నేనూ దిద్దాను. ఆ పిల్లవాడు నాకంటే ముందే నేర్చేసుకొని, నేను రాసిన 'ణ' చూసి నత్తగుల్ల అని వెక్కిరించేవాడు. ఇప్పటికీ నాకు ఒత్తులు తప్పుతాయి. పలక పట్టేటప్పటికే నా తల నెరిసిపోయింది కాబట్టి సిగ్గుపడలేదు.

రెండు వరుసలే కదా అని కూర్చున్నాను. ఒకటి రాశాను, కొట్టేశాను. ఇంకొకటి రాశాను, అదీ కొట్టేశాను. ఆ పిల్ల ఫోన్ చూసుకుంటూ కాసేపు కాచుకొని, మళ్ళీ వస్తానని లేచిపోయింది. ఆ పిల్ల కాగితం పక్కన పెట్టి ఇది వేరేగా రాస్తున్నాను. బోర్డు మీద వేసేది కాదు ఇది.

అర్థం చెప్పడం కష్టం కాదు. మా చేలో పనికి మీరు వస్తారు. మీ చేలో పనికి మేము వస్తాం. కూలి లేదు. ఎవరి చేలో పనైతే ఆ ఇంటివాళ్ళు సంగటి పెడతారు. అట్లా వచ్చేవాళ్ళు ముయ్యాళ్ళు. పెద్ద చేను, చిన్న చేను అనే లెక్క చూసేవాళ్ళు కాదు. వచ్చిన మనిషికి మనిషి పోవాలి, అంతే. జ్వరం వస్తే ఇంట్లో ఇంకొకరు పోవాలి. కడుపుతో ఉన్న ఆడమనిషి పోతే చెట్టు కింద కూర్చోబెట్టి పొయ్యి అప్పగించేవాళ్ళు. అప్పట్లో మా వయసు పిల్లలను అరాళ్ళు అనేవాళ్ళు, అంటే అర మనిషి లెక్క. అర మనిషి అయినా సంగటి మాత్రం నిండుగానే తినేవాళ్ళం.

పిలవడానికి ఒక పద్ధతి ఉండేది. దీపాలు పెట్టే వేళకు ఆ ఇంటి మనిషే స్వయంగా రావాలి. గడప దాటి లోపలికి రాకూడదు. వాకిట్లో నిలబడి, రేపు మాకు ముయ్యి అని చెప్పాలి. ఇంట్లోవాళ్ళు, వచ్చినామనుకో అనాలి. ఇంక ఆ మాటకు తిరుగు లేదు. ఒకసారి మా పెద్దనాయన, తన మామగారు చావుబతుకుల్లో ఉన్నాడని కబురు వచ్చినా, ముయ్యి చేసి పొద్దువాలాక బయలుదేరాడు. ఆ ముసలాయన బతికి, ఎందుకు ఆలస్యంగా వచ్చినావని కూడా అడిగాడు. ముయ్యి ఉండెనని చెబితే, అట్లనా అని పడుకున్నాడు.

ఇంక ఆ మాట ఎట్లా వచ్చిందంటే, దాని గురించి మా తిన్నె మీద జరిగిన తగవులు గుర్తున్నాయి. మా తాత చెప్పేది ఏమంటే, మనవాళ్ళు తెలుగు నేలనుంచి ఇక్కడికి వచ్చినప్పుడు తిరగలి రాయి, రాగి విత్తనం, ఈ మాట, ఇంతే తెచ్చుకున్నారని. వచ్చినచోట అన్నీ రాళ్ళు, ముళ్ళకంపలు. ఉన్న ఎద్దులు తక్కువ. ఒకరి చేలో రాళ్ళు అందరూ కలిసి ఏరి, ఇంకొకరి చేలోకి పోయేవాళ్ళట. మా అవ్వ ఒప్పుకునేది కాదు. తమిళంవాళ్ళు పెళ్ళిలో చదివింపులను మొయ్యి అని రాయిస్తారే, అదే మాట, వాళ్ళు దాన్ని డబ్బుకు పెట్టుకున్నారు, మనం ఒళ్ళు వంచడానికి పెట్టుకున్నాం అనేది. ఆనేకల్లు వైపునుంచి గాజులు అమ్ముకోవడానికి వచ్చే కన్నడ ఆయన గంప దించి, ఆ మాట మాది, మీరే ఎత్తుకొచ్చినారు అనేవాడు. మా అవ్వ అతని దగ్గర గాజులు బేరం చేస్తూనే తగవాడేది. చివరకు గాజుల రేటు తగ్గేదిగానీ మాట ఎవరిదో తేలేది కాదు.

ఇప్పుడు నన్నడిగితే నేనూ తేల్చలేను. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు. మా వీధిని విడిచి ఎట్లా పోయిందో తెలుసు. మా ఇంట్లోనుంచే పోయింది.

మాది మెట్టచేను. వానొస్తే రాగి, ఉలవలు, లేకపోతే ఏమీ లేదు. ఒక ఎండాకాలం మా నాయన బావి తవ్వాలని పట్టు పట్టాడు. తవ్వడానికి వీధి అంతా రావాలి. అక్కడ ఒక చిక్కు వచ్చింది. రాగి కోతకు రాగి కోత, కలుపుకు కలుపు అని తిరిగిపోయే అలవాటు ఉందిగానీ, బావికి బదులేమిటి? మిగతావాళ్ళెవరూ బావి తవ్వించేవాళ్ళు కాదు. పెద్దవాళ్ళు మా తిన్నె మీద కూర్చొని తాంబూలం నమిలి నమిలి ఒకమాటకు వచ్చారు. బావికి వచ్చినవాళ్ళు ఎప్పుడు పిలిచినా, ఏ పనికి పిలిచినా, మేము పోవాలి. మా నాయన లేచి నిలబడి సరే అన్నాడు. అట్లా ఒక్క ఎండాకాలంలో వీధి మొత్తానికీ మేము ముయ్యి పడ్డాం.

మగవాళ్ళు లోపల గడ్డపారలతో రాయి పెళ్ళగించేవాళ్ళు. ఆడవాళ్ళు వరుసగా నిలబడి మట్టిగంపలు చేతులు మార్చి పైకి అందించేవాళ్ళు. ఆ వరుసలో అందరికంటే కింద, మట్టి మొదట అందుకునేచోట నిలబడేది దిబ్బమీది అత్త. ఆమె ఇల్లు మిట్ట మీద ఉండేది కాబట్టి ఆ పేరు. రక్తసంబంధం ఏమీ లేదు. మా నాయన ఆమెను అక్కా అని పిలిచేవాడు, కాబట్టి నాకు అత్త. మొగుడు చింతకాయలు దులుపుతూ కొమ్మ విరిగి పడి పోయాడు. ఒక్కతే కూతురు, నా ఈడుది. ఉన్నది చిన్న చేను, అందులో ఏడాదికొకసారి చెనక్కాయలు. వచ్చిన కాయలో తినేది కొంచెం, అమ్మేది కొంచెం, మిగిలింది మళ్ళీ విత్తనం. ముయ్యి లేకపోతే ఆ చేను ఆమె చేతుల్లో నిలిచేది కాదు.

మధ్యాహ్నం మా అమ్మ వేడి సంగటి ముద్దలు, ఉలవల పులుసు తెచ్చేది. గంపల కింద నలిగిన వేపాకు వాసన, చెమట వాసన, పులుసులో వేసిన వెల్లుల్లి వాసన, అన్నీ కలిసి ఉండేవి. తిన్నాక మగవాళ్ళు తువ్వాలు మొహాన వేసుకొని పడుకునేవాళ్ళు. అందులో ఒక మామకు గురక ఎక్కువ. నేనూ అత్త కూతురూ ఆయన పంచె కొంగు తీసుకుపోయి మట్టిగంపకు ముడి వేశాం. ఆయన లేచి నడిస్తే గంప వెంటపడింది. అత్త మా ఇద్దరి చెవులు పట్టుకొని, ఈ రెండు అరాళ్ళనూ కలిపితే ఒక ఆళు పని రాదుగానీ ఇద్దరు ఆళ్ళ చేటు వస్తాది అంది. అప్పటినుంచి నన్ను పేరుతో పిలవలేదు. అరాళూ అనే పిలిచేది. ఏమే అరాళూ, తిన్నావా. ఏమే అరాళూ, తల దువ్వుకోలేదా.

తేమ తగిలిన రోజు అడుగున ఉన్నది ఆమే. గంపలోకి పడిన మట్టి ముద్దలా ఉంది. ఆ తడిమట్టి అరచేతిలోకి తీసుకొని గట్టు ఎక్కి వచ్చి మా నాయన రెండు బుగ్గలకూ పూసింది. "తమ్ముడూ, ఇప్పుడు పెండ్లికొడుకు మాదిరి ఉండావు" అంది. మా నాయన ఆ మట్టి సాయంత్రందాకా కడుక్కోలేదు.

నీళ్ళు వచ్చాయి. ఆ తర్వాత ఆయిల్ ఇంజన్ వచ్చింది. ఇంజన్ వెంట తక్కాళి వచ్చింది. టమాటాను మేము తక్కాళి అంటాం. మొదటి కాపు పండినప్పుడు మా చేను చూడడానికి ఏరియూరునుంచి కూడా చుట్టాలు వచ్చారు. ఆకు రాసుకుని మా చేతులన్నీ పచ్చగా అయి, కడిగితే నల్లగా మారేవి. ఆ వాసన అన్నంలోకి కూడా వచ్చేది. నాకు అది నచ్చేది. మా నాయన నన్ను బస్సులో పాలకోడు మండికి తీసుకుపోయేవాడు. కుళ్ళిన టమాటా, తడిసిన వరిగడ్డి, బీడీ పొగ, అరుపులు. తిరిగి వచ్చేటప్పుడు గోలీసోడా, కారాబూందీ. అత్త కూతురు, ఆ దిబ్బమీది పిల్ల దగ్గరికి పోయి ఆ కారాబూందీ చూపించి చూపించి తినేదాన్ని. తర్వాత ఇచ్చేదాన్ని, కానీ ముందు చూపించేదాన్ని.

తక్కాళి రాగిలాంటిది కాదు. రాగి కోసి కుప్ప వేస్తే కాచుకుంటుంది. ఇది ఇవాళ కోయకపోతే రేపటికి పగులుతుంది. మాటిమాటికీ కోతే. మాటిమాటికీ ముయ్యి పిలవడానికి మా నాయనకు మొహం చెల్లలేదు, అది నిజమే. కూలి ఇవ్వడం మొదలుపెట్టాడు. తాము తవ్విన బావి పక్కనే కూలి తీసుకోవడానికి వీధివాళ్ళు మొదట సిగ్గుపడ్డారు. మా అమ్మ ఇస్తుంటే చేతులు వెనక్కి పెట్టుకునేవాళ్ళు. తర్వాత చేతులు ముందుకు వచ్చాయి. అది వాళ్ళ తప్పని అనను. బిడ్డలున్నవాళ్ళు.

ఆ ఏడు అత్త చేలో చెనక్కాయలు ఆలస్యంగా పండాయి. చిన్న జల్లు పడి నేల మెత్తబడింది. చెట్లు పీకడానికి అదే అదును. కొండల మీద మబ్బు కూడా కడుతోంది. దీపాలు పెట్టే వేళకు అత్త మా వాకిట్లోకి వచ్చి నిలబడింది. మా నాయన మరుసటి కోతకు వెదురుగంపల అడుగున గడ్డి పరుస్తున్నాడు.

"తమ్ముడూ, రేపు మాకు ముయ్యి."

"వచ్చినామనుకో అక్కా" అన్నాడు మా నాయన, తల ఎత్తకుండా. కానీ అన్నాడు. నేను విన్నాను.

తెల్లవారేసరికి మండిలో బేరాలు కుదిర్చే తరగరి సైకిల్ మీద వచ్చాడు. పాలకోడులో రేటు లేచిందనీ, మధ్యాహ్నానికి లారీ మా చేని గట్టుకే వస్తుందనీ చెప్పాడు. మా నాయన వాకిట్లో చాలాసేపు నిలబడ్డాడు. సాయంత్రం కోద్దాం, లారీ పోతే పోనీ అంది మా అమ్మ. వాన వస్తే కాయ కాయకూ మచ్చ వస్తుంది, ఎవరు తీసుకుంటారు అన్నాడు ఆయన. ఆ మాటా అబద్ధం కాదు. ఆయన అబద్ధాలాడే మనిషి కాదు. అందుకే ఇన్నేళ్ళైనా ఆయన మీద కోపం తెచ్చుకోలేక నా మీదే తెచ్చుకుంటున్నాను.

వీధిలో చాలామందిని ఆయన కోతకు పిలిచాడు. వాళ్ళను అత్త కూడా ముయ్యికి పిలిచి ఉంటుందని ఆయనకు తెలుసు. కొందరు వచ్చారు. మా ఇంటినుంచి పోవలసిన మనిషికి బదులుగా, ఏరియూరు వైపునుంచి కూలికి వచ్చిన ఇద్దరు మగవాళ్ళను ముందుకు పిలిచాడు. మా అమ్మతో ఆయన చెప్పింది ఇప్పటికీ నా చెవిలో ఉంది. "మనం ఒకరు పోవాల్సిన చోటికి ఇద్దర్ని పంపిస్తా ఉండాము. నాకంటే బలంగా పీకుతారు. కూలి నేనిస్తాను. అక్కకు ఏమి తక్కువ?"

ఆయన నిజంగా అట్లాగే అనుకున్నాడు. ఎక్కువ ఇస్తున్నాననుకున్నాడు.

వాళ్ళకు చేను చూపించి తొందరగా వచ్చేయమని నన్ను వెంట పంపాడు.

అత్త చేలో నలుగురైదుగురు ఆడవాళ్ళు ఉన్నారు, అంతే. గట్టు మీద పెద్ద కుండలో సంగటి, వీధికంతా చాలేటంత. కూతురు అప్పటికే ఒక సాలు పీకేసింది, చేతులకు మట్టి. పీకిన చెట్ల పచ్చివాసన గుప్పుమంటోంది. అత్త ఆ ఇద్దరినీ చూసి, నా తల మీదుగా దారి వైపు చూసింది.

"మీ నాయన వెనకాల వస్తాండాడా?"

లారీ వస్తుందని చెప్పాను. ఆ ఇద్దరినీ ఏ ఊరు, ఎవరి బిడ్డలు అని అడిగింది. కూర్చోబెట్టి ఆకులు వేసి సంగటి పెట్టింది, కొసరి కొసరి పులుసు పోసింది, మజ్జిగ ఇచ్చింది. వాళ్ళు చేతులు కడుక్కొని చేలోకి దిగబోతే అడ్డం వచ్చింది.

"తిన్నారు కదన్నా, సంతోషం. ఇంక పోండి. నేను పిలిచింది మా తమ్ముణ్ణి."

వాళ్ళకు అర్థం కాలేదు. కూలి ఆయనే ఇస్తానన్నాడు, నీకు ఖర్చు లేదమ్మా అన్నాడు ఒకడు.

"అందుకే పొమ్మంటా ఉండాను" అంది.

తర్వాత నా వైపు తిరిగింది. "ఏమే అరాళూ, నువ్వు ఉంటావా?"

ఉంటానని అనగలిగేదాన్ని. అర మనిషి అయినా మా ఇంటి మనిషే. ఆ రోజుకు మాట నిలిచేది. నాయన తొందరగా రమ్మన్నాడని చెప్పాను. లారీ ముందు సీట్లో కూర్చోబెడతానని ఆయన పొద్దున అన్న మాట నా మనసులో ఉంది, అది చెప్పలేదు. అత్త తల ఊపి వంగి చెట్లు పీకడం మొదలుపెట్టింది. నేను గట్టు దిగుతుంటే దిబ్బమీది పిల్ల ఒక మట్టిపెడ్డ నా మీదికి విసిరింది. తగల్లేదు. దారి పొడుగునా ఆ ఇద్దరిలో ఒకడు, ఆ ఉలవల పులుసు ఎంత బాగుందో చెబుతూనే ఉన్నాడు.

లారీ నిండింది. పాలకోడు చేరేలోపే వాన మొదలైంది, పట్టిన వాన విడవలేదు. అది విడిచాక చూస్తే, అత్త చేలో కాయలు నేలలోనే మొలకెత్తాయి. చెట్టు పీకితే ఊడలు కుళ్ళి తెగిపోయి, చెట్టు ఒట్టిగా చేతికి వస్తోంది, కాయ మట్టిలో ఉండిపోతోంది. తల్లీకూతుళ్ళు గడ్డపార ముక్కతో నేల తవ్వి తవ్వి ఏరుకున్నారు. మా బావిగట్టు మీదనుంచి కనబడేది. మా నాయన అక్కడ నిలబడి చూసి, ఒక మూట విత్తనపు కాయలు కొని తల మీద పెట్టుకొని మిట్ట ఎక్కాడు. ఆమె కూర్చోమంది, నీళ్ళిచ్చింది. విత్తనం అడగలేదు కదా తమ్ముడూ అంది. ఆ మూట ఆమె తిన్నె మీదే ఉండిపోయి ఉడతలు చిల్లు పెట్టాక ఆయనే వెళ్ళి తెచ్చుకున్నాడు.

తర్వాత ఎవరింటికి ఎవరు ముయ్యికి పోయినా, ఇంకొకరిని పంపిస్తాం అనడం మొదలైంది. బావి ఉన్నవాళ్ళే అట్లా చేశారు కదా అన్నారు. మరికొన్నాళ్ళకు పిలవడమే మానేశారు. మా వాకిట్లోకి దీపాలు పెట్టే వేళకు ఎవరూ రాలేదు. ఆ వేళకు కుక్క మొరిగితే మా నాయన లేచి చూసేవాడు.

మరుసటి పంటకు అత్తకు విత్తనం లేదు. చేను బీడు పడింది. ఆమె మా తక్కాళి చేనికే కూలికి వచ్చింది. అందరిలాగే గంప తీసుకుంది, అందరిలాగే కోసింది. సాయంత్రం వరుసలో నిలబడింది. ఆమె ముందుకు వచ్చేసరికి మా నాయన ఇంజన్ చూసే నెపంతో లేచిపోయాడు. మా అమ్మ, పొయ్యి మీద ఏదో మాడుతోందని లోపలికి పోయింది. కూలి డబ్బుల పళ్ళెం దగ్గర నేను మిగిలాను. అత్త చెయ్యి చాచింది. ఆ అరచెయ్యి ఆకు రసంతో నల్లగా ఉంది.

"ఇయ్యండమ్మా" అంది.

ఏమే అని పిలవలేదు. అరాళూ అనలేదు. నేను పావడా కట్టుకునే పిల్లను. మా ఇంట్లో నన్ను అండి అన్నది ఆమె ఒక్కతే, ఆ ఒక్కసారే. డబ్బులు ఆ చేతిలో పెట్టాను. నా వేళ్ళు ఆమె చేతికి తగలకుండా పెట్టాను. అది ఎందుకు అట్లా చేశానో ఈనాటికీ తెలియదు.

కొన్నేళ్ళకు మా నాయన పోయాడు. చావుకు ఎవరూ పిలవరు, వినబడితే రావడమే. తెల్లవారేసరికి మా పెరట్లో పొయ్యి వెలిగించి కూర్చొని ఉన్నది దిబ్బమీది అత్త. తన ఇంటినుంచే పిండి తెచ్చింది. మా ఇంట్లో పొయ్యి మళ్ళీ వెలిగించేదాకా వచ్చిన చుట్టాలకు ఆమే సంగటి కలిపింది. మాతో ఎక్కువ మాట్లాడలేదు. పని అయ్యాక కుండ బోర్లించి పోయింది. మా అమ్మ ఆమె ఇంటికి పోయి ఏడ్చి, ఒక్కసారి పిలువు అక్కా, ఇంటి కప్పు మీద కసువు వేయడానికైనా పిలువు అంది. సరేలే అందిగానీ, పిలవలేదు. ఇల్లు కప్పించుకున్నా, కూతురికి పెళ్ళి చేసినా, కూలి ఇచ్చి చేయించుకుంది. మమ్మల్ని పీట మీద కూర్చోబెట్టి భోజనం పెట్టింది.

ఆమె పోయినప్పుడు నేను తొప్పూరు దగ్గర మెట్టినింట్లో ఉన్నాను. కబురు ఆలస్యంగా వచ్చింది.

ఈ పిల్లకు నేను మొదట రాసి కొట్టేసిన వరుస ఇది: ముయ్యి అంటే తీసుకున్న సాయం తిరిగి ఇవ్వడం. అది తప్పు. తిరిగి ఇవ్వడం మన చేతిలో ఉండదు. వాళ్ళు వాకిట్లోకి వచ్చి పిలిస్తేనే మనం పోగలం. పిలవకపోతే ఎంత ఉన్నవాళ్ళైనా ఏమీ చేయలేరు. మా నాయన అట్లాగే పోయాడు, మా అమ్మా అట్లాగే పోయింది.

ఇప్పుడు మా బావి పూడిపోయింది. ఆ చేను మా తమ్ముడి కొడుకులు ప్లాట్లు వేసి అమ్మారు. తొప్పూరులో మాకున్న చేను హైవే కింద పోయింది. మొగుడు పోయాక కొడుకూ కోడలితో మళ్ళీ ఈ వీధికే వచ్చాను. అత్త చేను మాత్రం ఉంది. కూతురు తల్లి ఇంట్లోనే ఉంది, చేను అమ్మలేదు, ఇప్పటికీ చెనక్కాయలే వేస్తుంది. ఆ దిబ్బమీది పిల్లా నేనూ ఎదురుపడితే మాట్లాడుకుంటాం. మోకాళ్ళ నొప్పి గురించి, రేషన్ బియ్యం గురించి. ఆ రోజు సంగతి ఇద్దరం ఎత్తలేదు.

ఇంతవరకు రాసిన ఈ కాగితాలు తీసుకొని మొన్న సాయంత్రం దాని ఇంటికి పోయాను. మిట్ట ఎక్కడానికి ఆయాసం వచ్చింది. దానికి చదువు రాదు కాబట్టి నేనే చదివి వినిపించాను. కారాబూందీ దగ్గర నవ్వింది. తర్వాత నవ్వలేదు. అయిపోయాక, సంఘానికి ఆ పేరు పెట్టుకోవచ్చా అని అడిగాను.

"మాటను నన్నెందుకు అడిగేది? మా అమ్మ కొనిపెట్టిందా దాన్ని?" అంది. కాసేపు కాలు ఒత్తుకుంది. నేను లేచి మెట్టు దిగి ఇంటికి వచ్చేశాను. పొద్దు గూకింది. దీపం స్విచ్ వేసి తిరిగి చూస్తే మా వాకిట్లో అది నిలబడి ఉంది. నా వెనకాలే మిట్ట దిగి వచ్చింది. గడప దాటలేదు.

"రేపు మాకు ముయ్యి" అంది.

వచ్చినామనుకో అన్నాను.

నిన్న పోయాను. మనవరాలు స్కూటర్ మీద గట్టుదాకా దించి, ఫోటోలు తీసుకుందామని ఆగి, చివరకు మధ్యాహ్నందాకా చెట్లు పీకి అరచేతులు బొబ్బలెక్కించుకుంది. నేను వంగలేను కాబట్టి కుప్ప పక్కన కూర్చొని కాయలు తెంపాను. అదే పచ్చివాసన. అత్త కూతురు వేడి సంగటి, ఉలవల పులుసు తెచ్చింది. తింటుంటే నాకు ఆ ఏరియూరు మనిషి గుర్తొచ్చాడు. అతను చెప్పింది నిజమే, బాగుంటుంది.

పని అయ్యాక మట్టి దులుపుకుంటూ, ఈ ముయ్యి మీ అమ్మకు పోవాల్సింది, నీకు వచ్చింది అన్నాను.

"అమ్మది అమ్మతో పోయె. అది నా చేత తీరేది కాదు" అంది అది. "ఇది కొత్తది. ఇప్పుడు నేను నీకు ముయ్యి పడినాను. నీకు చూస్తే చేను లేదు. నువ్వు చచ్చినప్పుడు వచ్చి సంగటి కలుపుతానులే."

"ముందు నువ్వు పోతే?"

అది కాయల మూట ముడి వేస్తూనే ఉంది.

"పోతే నువ్వే వచ్చి సంగటి కలపాల, మళ్ళా మీ ఇల్లే బాకీ. మీకు అలవాటే కదే, అరాళూ."

ఆ పిల్ల కాగితం మీద ఇవాళ పొద్దున ఈ రెండు వరుసలు రాసి ఇచ్చాను: సాయంత్రం ఒకరు మన వాకిట్లో నిలబడి పిలుస్తారు. పొద్దున మనమే పోవాలి. ఇందులో అర్థమెక్కడ ఉంది అవ్వా అని ఆ పిల్ల అడిగింది. గోళ్ళ కింద చెనక్కాయ మట్టి ఇంకా పోలేదు, గిల్లుకుంటూ కూర్చున్నాను.